మన జీపు వెనుక ఇరుసు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో మాటాడుమనిరి. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు లెక్కలు వ్రాయుచు, తీరిక దొరికినపుడెల్ల ఇక్కడి బీరువాలలోని కావ్యములను గురుముఖమున గాక నిఘంటుముఖమున చదివికొన్నవాడను గనుక, అట్టి విషయమే నా నోట వెలువడునని వారి ఊహ. నేను జీపు వెనుక ఇరుసు మార్చుటను గూర్చి మాటాడెదనంటిని. వారు నవ్విరి. నేను హాస్యమునకు చెప్పలేదు. 2003లో మన ఊరి జీపునకు వెనుక ఇరుసు మార్చినపుడు నా చేతివ్రాతతో ఒక తప్పు పద్దు మన పుస్తకమున కెక్కినది. అది నేటికిని అట్లే యున్నది. దానిని దిద్దుటకు ఇంతమంది యెదుట గాక మరెక్కడను తగినచోటు కనబడలేదు.

విషయము కొంత యంత్రసంబంధమైనది. ఓపిక పట్టుడని కోరుచున్నాను. యంత్రము తెలియనిదే తప్పు ఎక్కడ జరిగినదో తెలియదు.

ఈ తరమువారిలో చాలమంది ఆ జీపును చూడలేదు. డెల్టావారికి పుస్తకములు పడవపై వచ్చినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడిపించిరి. చదువరి గట్టున నిలిచియుండగా పుస్తకమే నీటిపై నడచివచ్చినది. మన మెట్టకు అట్టి భాగ్యము లేదు. సాగరు ఎడమకాలువ మన చేలకు నీరు తెచ్చినది గాని పడవను తేలేదు. మనకు పుస్తకములు జీపుపై వచ్చినవి. 1999లో ఒక కార్యాలయమువారి వేలములో నలుబదిరెండు కుటుంబములవారము చందాలు వేసికొని దానిని కొంటిమి. మరుసటి యేడు గ్రంథాలయము పుట్టినపుడు మొదటి రెండు బీరువాలును జగ్గయ్యపేట నుండి దానిమీదనే వచ్చినవి.

అయినను ఊరు చందా వేసినది పుస్తకములకొరకు కాదు. 108 వాహనములు మన రాష్ట్రమున 2005లో గాని రాలేదు. మన వాగుపై వంతెనయు అప్పుడు లేదు. వానకాలమున రోగినైనను, గర్భిణినైనను వాగు దాటించి జాతీయ రహదారికి చేర్చుటకు ఆ జీపొక్కటే ఆధారము. రహదారికి అప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65. అప్పుడు మనది కృష్ణాజిల్లా. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లా. నంబరులును పేరులును మారినవి గాని నల్లరేగడి మారలేదు. అది తడిసినచో చక్రమునకు చుట్టుకొని, రోకటికి పట్టిన పిండివలె దిగబడనీయదు, ఊడిరాదు. రెండు చక్రములతో లాగు బండి అందులో నిలిచినచోటనే గుంట త్రవ్వుకొనును. నాలుగు చక్రములతోను లాగు బండికి మాత్రము దారి యిచ్చును.

మన జీపు మహీంద్రావారి పాత నమూనా. దానికి మూలము అమెరికాలోని విల్లీస్ కంపెనీవారు 1953లో తెచ్చిన సి.జె. 3బి. అను బండి. అందలి క్రొత్త ఇంజను ఎత్తయినదగుటచే పైమూతను పైకి లేపవలసి వచ్చినది. అందుచేత ఆ బండి నుదురు పెద్దదిగా నుండును. విల్లీస్ వంశమువారు 1968లో దానిని మానివేసినను, మన దేశమున మహీంద్రావారు ఆ రూపమును దశాబ్దముల తరబడి నిలిపిరి.

ఎడ్లబండి ఇరుసు కదలదు. చక్రము దానిచుట్టు తిరుగును. మోటారు వెనుక ఇరుసు అట్లు కాదు. పైకి కనబడునది బోలు ఇనుపగొట్టము. దానిని హౌసింగు అందురు. దానిలోపల కుడికి ఒకటి, ఎడమకు ఒకటి, రెండు ఉక్కు షాఫ్టులు తిరుగుచుండును. నడుమ కుండవంటి ఉబ్బులో పెద్ద పళ్ళచక్రమొకటి, దానిని త్రిప్పు చిన్న పళ్ళచక్రమొకటి కలవు. పెద్దది క్రౌను, చిన్నది పినియను. ఇంజను నుండి వచ్చు పొడవాటి షాఫ్టు పినియనును త్రిప్పును, పినియను క్రౌనును త్రిప్పును, క్రౌను చక్రములను త్రిప్పును. మన జీపున క్రౌనునకు 43 పళ్ళు, పినియనునకు 8. అనగా పొడవాటి షాఫ్టు అయిదు చుట్లును, ఆపై మూడవవంతుకు కొంచెము మించియు తిరిగిన గాని చక్రము ఒక చుట్టు తిరుగదు. ముందు ఇరుసునను అవియే 43, 8. ఈ రెండంకెలను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. నేను ఉంచుకొనలేదు.

2003 జూను చివర, జగ్గయ్యపేట నుండి పుస్తకముల పెట్టెలతోను ఎరువుబస్తాలతోను తిరిగివచ్చుచుండగా చిల్లకల్లు దాటిన పిమ్మట కుడి వెనుకచక్రము డ్రమ్ముతోగూడ ఊడి, మాకంటె ముందుగా పొలములోనికి పోయినది. బండి ఒరిగి, ఇరుసు కొనతో రోడ్డును దున్నుకొనుచు ఇరువది గజములు పోయి నిలిచినది. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. చీల ఊడిన రథమునకు కైక తన వ్రేలు పెట్టి దశరథుని కాపాడినదని మనవారు చెప్పుకొందురు. వాల్మీకమున ఆ వ్రేలి మాట లేదు. దెబ్బతిన్న భర్తను రణరంగము నుండి రథముపై తప్పించి కొనిపోయినదని మాత్రమే యున్నది. అక్కడ మాకు ఆ రెండును లేవు. నడచి జగ్గయ్యపేటకు తిరిగిపోయి మేస్త్రిని పిలుచుకొని వచ్చితిమి.

మేస్త్రి ఊడిన చక్రమును చూచి కారణము చెప్పెను. ఆ రకపు ఇరుసున షాఫ్టు కొన సన్నగిలుచు పోయి, దానిపై డ్రమ్ము బిగియును. రెండును విడిగా తిరుగకుండ షాఫ్టులో ఒక గాడి కోసి అందులో చావి యిరికింతురు. చివరి నట్టు కొంచెము వదులైనను చావి ఆ గాడి అంచును కొట్టుచుండును. పగులు అక్కడ పుట్టును. షాఫ్టు లోపలి కొననే త్రిప్పుటకు, వెలికొననే బరువు మోయుటకును పనికివచ్చునది గనుక, అది విరిగినచో చక్రము వెడలిపోవుటకు అడ్డేమియు లేదు. ఇదివరలో ఎన్నియో బండ్లకు ఇట్లే జరిగినదనియు, ఆరు నెలల కొకసారి ఆ నట్టును బిగింపవలెననియు చెప్పెను. మేము నాలుగేండ్లలో ఒక్కసారియు బిగింపలేదు. రోడ్డును రాచుకొనుటచే హౌసింగు కొన వంగియుండెను. ఇరుసు మొత్తము మార్చవలెనని తేలినది.

విజయవాడ ఆటోనగరులో పాత ఇరుసులు దొరకును. దేశమున పెద్దవైన మోటారు మరమ్మతు వాడలలో అది యొకటి. లారీని విప్పినచో దానిలోని ప్రతి యెముకయు అక్కడ వేరువేరు అంగళ్ళలో దొరకును. మేస్త్రికి ఆ వారము ఒక లారీ పని మీద పడియుండెను. నిధి సొమ్ము నా యొద్ద నుండుటచే నేను పోయెదనంటిని. ఆయన సిగరెట్టు పెట్టె అట్టను చింపి దానిపై 43–8 అని వ్రాసి నా చేతి కిచ్చి ఇట్లనెను: “పంతులుగారూ, వెడల్పు కొలవండి, కమాను కట్టల కూర్చోబెట్టే చోటు కొలవండి. అవి కుదరకపోయినా నేను చూసుకుంటాను. పళ్ళు మాత్రం మీరే లెక్కపెట్టండి. వెనుక మూత విప్పమనండి. మూత బోల్టు కింద చిన్న రేకుబిళ్ళ ఉంటే దానిమీద అంకె ఉంటుంది. లేకపోతే ఒక్కొక్క పన్నూ సుద్దతో గీత పెట్టి లెక్కపెట్టండి.”

మూత విప్పనవసరము లేని మరియొక ఉపాయమును గూడ చెప్పెను. ఇరుసును దిమ్మెలపై నిలిపి, రెండు చక్రములను కలిపి ఒక్క చుట్టు త్రిప్పవలెను. పినియను వైపు కొన ఎన్ని చుట్లు తిరిగెనో సుద్దగీత పెట్టి లెక్కింపవలెను. ఒక చక్రమును కదలనీయక రెండవదానినే త్రిప్పినచో దానిని రెండు చుట్లు త్రిప్పవలెను. ఏలయన నడుమనున్న కూర్పు సగము తిరుగుడును మ్రింగివేయును.

నేను టేపుతో పోయితిని. ఇరుసు దొరకినది. వెడల్పు సరిపోయినది. కమాను కట్టల స్థానములు సరిపోయినవి. షాఫ్టు కలియు కొన సరిపోయినది. అది వేరొక నమూనా జీపుదని అంగడియతడు దాచకుండ చెప్పెను, మూత విప్పి చూపెదననియు అనెను. రేకుబిళ్ళ లేదు. పొద్దు క్రుంకుచుండెను, లారీవాడు తొందరపెట్టుచుండెను, మూత విప్పినచో నల్లని నూనె పంచెపై పడునని శంక. అక్కరలేదంటిని. అంగడియతని తప్పు ఇందు లేశమును లేదు.

జగ్గయ్యపేటలో ఇరుసును దింపగానే మేస్త్రి అడిగెను: “పళ్ళు చూశారా పంతులుగారూ?”

“చూశాను,” అంటిని.

మూడక్షరముల మాట. ఊరిలో లెక్కలవాడని పేరు గలవాడను. ఆయన నమ్మెను.

ఇరుసు మార్చుట నేను దగ్గర నుండి చూచిన మొదటి పెద్ద యంత్రపు పని. ఆయన అన్నిటికంటె ముందుగా ముందుచక్రములకు రెండు ప్రక్కల రాళ్ళు పెట్టించెను. చేతిబ్రేకు వేసియున్నది గదా యంటిని. ఆ జీపులకు చేతిబ్రేకు చక్రములయందుండదు. గేరుపెట్టె వెనుక, పొడవాటి షాఫ్టు మొదట నుండును. ఆ షాఫ్టును విప్పినంతనే చేతిబ్రేకునకును చక్రములకును సంబంధము తెగును. ఇది తెలియక జీపు క్రింద పడుకొన్నవారిపై బండి దొరలుట కలదని చెప్పెను. పిమ్మట జాకీతో చట్రమును లేపి తుమ్మమొద్దులపై నిలిపిరి. జాకీని నమ్మి క్రిందికి దూరలేదు. షాఫ్టు విప్పిరి, బ్రేకునూనె గొట్టము విప్పి కొనకు పుల్ల బిగించిరి, యు-బోల్టుల నట్టులు త్రుప్పుతో కదలకపోగా కిరసనాయిలు పోసి ఒక రాత్రి నిలువనిచ్చిరి. మరునాడు పాత ఇరుసును కమాను కట్టల నడుమ నుండి అడ్డముగా లాగి, క్రొత్తదానిని దూర్చిరి. యు-బోల్టులు మాత్రము క్రొత్తవే కావలెననెను. ఒకసారి సాగిన బోల్టు మరల సాగునట. నూరు కిలోమీటర్లు నడిచిన పిమ్మట వానిని తిరిగి బిగించెను. ఇరుసుపై గాలి పీల్చు చిన్న రంధ్రమొకటి కలదు. అది మట్టితో మూసికొనిపోయినచో లోపలి నూనె వేడెక్కి, దారి లేక బ్రేకులలోనికి కారును. వేడియెక్కిన ఇరుసు వాగునీటిలో మునిగి చప్పున చల్లారినచో బిరడాల సందులనుండి నీటిని లోపలికి పీల్చును. వాగు దాటిన వారమున బిరడా వదలించి చూచి, నూనె పాలవలె తెల్లబడియున్న యెడల మార్చవలెను. 90 నంబరు గేరునూనె. నేడు ఊరిలో ట్రాక్టరులు గలవారు ఈ సంగతిని పాటించిన మేలు.

పాత ఇరుసును ఇనుపతుక్కు క్రింద తూకమునకు అమ్మివేసితిమి. దానిలో 43 పళ్ళ క్రౌను చెక్కుచెదరక యుండెను. ఆ పద్దు గూడ నా చేతివ్రాతయే.

రెండు నెలలు జీపు చక్కగా నడిచినది. నిజమునకు మునుపటికంటె వేగముగా, తక్కువ రొదతో నడిచినది. ఎత్తున మాత్రము రెండవ గేరులో ఈడ్చుచున్నదని నడుపువాడు సణిగెను. ఇక్కడ నా లెక్కల పుస్తకము నాకు సాక్ష్యము చెప్పినది, నేను వినలేదు. మన ఊరి నుండి ఒక చోటికి పోయివచ్చుటకు మీటరుపై ఎల్లప్పుడును 22 కిలోమీటర్లు పడుచుండెడిది. జులై నుండి అదే దారికి 20 పడసాగినది. నేను వరుసగా ఇరువది, ఇరువది, ఇరువది అని వ్రాసికొనుచు పోయితిని. దారి తరుగునా? మీటరు పాతబడినదనుకొంటిని. ఆ జీపున మీటరు చక్రముల తిరుగుడును లెక్కింపదు. పొడవాటి షాఫ్టు తిరుగుడును లెక్కించును. షాఫ్టు తక్కువ చుట్లు తిరుగుచున్నను చక్రములు అంతే దూరము పోవుచున్నవనగా, ఇరుసులోని పళ్ళు మారినవని యర్థము. 22ను 39చే గుణించి 43చే భాగించినచో ఇంచుమించు సరిగా 20 వచ్చును. చంటిపిల్లవాడు చేయదగిన లెక్క.

రెండు చక్రములతో నడుచునంతకాలము ఈ భేదము వలన ముప్పు లేదు. నాలుగు చక్రముల లీవరు వేసినపుడే ముప్పు. ఆ పాత జీపులలో ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ సర్దుబాటు చేయు కూర్పు ఏదియు లేదు. లీవరు వేసినచో రెండు షాఫ్టులును ఒకే వేగమున తిరిగితీరవలెను. ముందు 43, వెనుక 39 అయినచో, ముందుచక్రములు పది గజములు పోవునపుడు వెనుకచక్రములు పదకొండు గజములు పోవలెను. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి పది అడుగులును మరియొకటి పదకొండును వేయవలెనన్నట్లు. బురదలో చక్రము జారి ఆ ఒక్క గజమును ఎట్లో సర్దుకొనును. గట్టినేలపై జారుటకు వీలులేదు. ఆ పెనుగులాటయంతయు షాఫ్టులలోను, పళ్ళలోను ముడిపడి బిగిసికొనుచుండును.

సెప్టెంబరులో ఒక రాత్రి, నిండుచూలాలిని నందిగామ ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చినది. నేనును జీపులో నుంటిని. వాగులో నడుముబంటి కంటె తక్కువ నీరు. నాలుగు చక్రముల లీవరు వేసి దాటితిమి. ఆవలి గట్టు కంకరరాళ్ళ నేల. ఎక్కిన పిమ్మట నడుపువాడు లీవరును వెనుకకు లాగబోగా అది రాలేదు. రెండు చేతులతో లాగెను. రాలేదు. బండిని కొంచెము వెనుకకు నడిపినచో ఆ బిగువు సడలి లీవరు ఊడివచ్చునని మేస్త్రి తరువాత చెప్పెను. అప్పుడు మాకు తెలియదు. లోపల ఆమె నొప్పులు పడుచుండెను. అట్లే పోనిమ్మని నేనే అంటిని. అరమైలు పోయినపిమ్మట క్రిందనుండి తుపాకి ప్రేలినట్లు శబ్దమైనది. ముందు షాఫ్టు క్రాసు విరిగి, షాఫ్టు గిరగిర తిరుగుచు ట్రాన్స్‌ఫరు పెట్టె అడుగును పగులగొట్టెను. నూనెయంతయు దారిపై పారినది.

ప్రక్క చేలో కాపలా పడుకొన్న రైతు తన ఎడ్లబండిని కట్టెను. కొయ్య ఇరుసు బండి. దానిపై గడ్డి పరచి ఆమెను పడుకొనబెట్టి, రహదారి చేరునప్పటికి మూడు గంటలు పట్టినది. అక్కడ సిమెంటు లారీ నొకదానిని ఆపితిమి. తెల్లవారుజామున నందిగామలో ప్రసవమైనది. తల్లియు బిడ్డయు క్షేమము. ఆ బిడ్డ నేడు ఈ గ్రంథాలయపు చందాదారు, పేరు చెప్పను. ఆ మూడు గంటలును ఆమె తల్లి బండి వెనుక నడచుచు నన్నేమియు అనలేదు, ఎందుకనగా ఆమెకు తెలియదు.

జీపును జగ్గయ్యపేటకు ఈడ్పించితిమి. మేస్త్రి విరిగిన షాఫ్టును చూచెను; మాటాడక వెనుక ఇరుసు మూత విప్పెను. నా యెదుటనే సుద్దతో గీత పెట్టి ఒక్కొక్క పన్నును లెక్కించెను. ముగించి, గుడ్డతో చేతులు తుడుచుకొనుచు, “నలభై మూడు కాదండీ పంతులుగారూ, ముప్పై తొమ్మిది,” అనెను. అంతకుమించి ఒక్కమాటయు అనలేదు.

అక్షమను సంస్కృతశబ్దమునకు ఇరుసనియు నర్థము కలదు, పాచిక యనియు నర్థము కలదు. భారతమున నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలునపుడు, ఆ రాజు దారిలోని తాండ్రచెట్టును చూచి దాని ఆకులును కాయలును ఇన్నియని చెప్పెను. స్వయంవరమునకు వేళ మించుచున్నది, రాజు త్వరపెట్టుచున్నాడు. అయినను నలుడు రథమును నిలిపి, చెట్టును కూల్చి, లెక్కించిన గాని కదలలేదు. లెక్క సరిపోయినది. అప్పుడే ఋతుపర్ణుడు అతనికి అక్షహృదయమను విద్య నిచ్చెను, అతని దేహము నుండి కలి వెడలెను. అరణ్యపర్వమున ఆ ఘట్టమును నేను ఎన్నిసారులు చదివితినో చెప్పలేను. ఆటోనగరులో లారీవాడు త్వరపెట్టినపుడు అది జ్ఞప్తికి రాలేదు.

ఊరిలో సభ జరిగినది. మరమ్మతునకు రూ. 7,400 ఖర్చు. చందా వేసినవారు కోపగించుట న్యాయమే. ఎవరో మేస్త్రి అమర్చుటలో లోపమనిరి. పది గొంతులు అదే అనినవి. పట్టణపు పనివాడు మోసగాడని కొందరనిరి. మేస్త్రిని పిలిపించి అడిగిరి. ఆయన నావైపు ఒకసారి చూచి, “బిగించే ముందు నేను మూత తెరిచి చూడాల్సింది,” అనెను. నేను అప్పుడు లేచి మాటాడవలసినది. నా ముందు లెక్కలపుస్తకము తెరచియుండెను; నేను తల వంచి దానిలో వ్రాయుచున్నట్లు నటించితిని. ఆయనకు రావలసిన కూలిలో రూ. 1,200 మినహాయింపవలెనని తీర్మానించిరి. నేను వ్రాసితిని: “మేస్త్రి తప్పు అమరిక వలన నష్టము, కూలి బాకీలో మినహాయింపు రూ. 1,200.” వ్రాయుమని వారు చెప్పినది మినహాయింపు మాత్రమే. “మేస్త్రి తప్పు” అను రెండు మాటలు నేను చేర్చినవి.

పిమ్మట ఆయన 43–8 గల ఇరుసును తానే వెదకితెచ్చి అమర్చెను. మిగిలిన కూలి తీసికొని వెళ్ళెను. మరల మన ఊరిలో అడుగు పెట్టలేదు. జీపు 2012 వరకు నడిచి అమ్ముడుపోయినది. నిధిలో మిగిలిన సొమ్ము గ్రంథాలయమునకు జమయైనది. మేస్త్రి కొన్నేండ్ల క్రిందట కాలము చేసెను.

ఈ రజతోత్సవమునకై పుస్తకములన్నియు తనిఖీ చేయుచుండగా ఒక భారత సంపుటము నుండి సిగరెట్టు అట్ట ముక్క జారి పడినది. 43–8. గురుతుకొరకు పెట్టుకొని మరచితిని. నలోపాఖ్యానమువద్ద దొరికినదని చెప్పినచో కథకు సొగసుగా నుండును గాని, అది దొరికినది ఉద్యోగపర్వములో.

జగ్గయ్యపేట ధనబోడుపై బౌద్ధస్తూపమును 1882లో బర్జెసు దొర త్రవ్వించినపుడు దొరకిన చక్రవర్తి శిల్పమును గూర్చి మీలో కొందరు వినియుందురు. అది ఇప్పుడు మద్రాసు మ్యూజియమున నున్నది. దానిలో చక్రరత్నమున్నది, ఏనుగు, గుర్రము, మంత్రి, రాణి అందరును ఉన్నారు. చక్రమును చెక్కినవాని పేరు లేదు. కాని అదేచోట ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరపు శాసనములు దొరకినవి. తూర్పుద్వారమున అయిదు ఆయకస్తంభములను నిలిపిన సిద్ధత్థుడనువాడు తాను ఆవేసనినని, అనగా పనివారి మేస్త్రినని, తండ్రి పేరుతోను ఊరి పేరుతోను అందు చెక్కించుకొన్నాడు. పదునేడు వందల యేండ్లకు పైబడినను ఆ పేరు చెడలేదు. మన మేస్త్రి పేరు మన పుస్తకమున నున్నది, తప్పు అను మాట ప్రక్కన. ఆయన కుటుంబమువారు పేరును అచ్చులో వేయవద్దని కోరిరి గనుక ఇక్కడ చెప్పుట లేదు; దిద్దుబాటు పద్దులో మాత్రముండును. ఆయన కుమారుడు ఈ సభలో వెనుక వరుసలో కూర్చున్నాడు. నేను పిలువగా వచ్చినందుకు ఋణపడియున్నాను.

లెక్కలలో పాత పద్దును కొట్టివేయరాదు, గీకరాదు. దానిని అట్లే యుంచి, క్రొత్తది వ్రాయవలెను. వడ్డీ ఊరిలో నడుచు నూటికి నెలకు రూపాయి చొప్పున, 2003 అక్టోబరు నుండి 2025 అక్టోబరు వరకు 264 నెలలకు కట్టితిని. మొత్తము నష్టము రూ. 7,400లో మేస్త్రి భరించినది 1,200, నిధి భరించినది 6,200. వ్రాసితెచ్చిన పద్దును చదివెదను:

“2003 అక్టోబరు పద్దులో ‘మేస్త్రి తప్పు’ అని వ్రాసినది అసత్యము. ఇరుసు పళ్ళను లెక్కింపక, లెక్కించితినని మేస్త్రితో చెప్పినది ఈ లెక్కదారు. మేస్త్రి కుటుంబమునకు అసలు రూ. 1,200, వడ్డీ రూ. 3,168, వెరసి రూ. 4,368. జీపు నిధికి వారసురాలగు గ్రంథాలయమునకు అసలు రూ. 6,200, వడ్డీ రూ. 16,368, వెరసి రూ. 22,568. రెండును కలిపి రూ. 26,936 లెక్కదారు స్వంతసొమ్ము నుండి చెల్లు.”

సొమ్ము ఈ సంచిలో నున్నది. పద్దునకు ఇద్దరు సాక్షుల సంతకములు కావలెను. 1999లో చందా వేసినవారిలో ఇద్దరు వేదిక మీదికి రావలెనని కోరుచున్నాను.